అంటుకుంటోందని ఇనుప పెనాన్ని పక్కన పెట్టేయకండి

కొత్త క్యాస్ట్ ఐరన్ పెనానికి గుడ్డు అంటుకుపోతోంది, కడిగాక తుప్పు కూడా కనిపిస్తోంది, మళ్లీ నాన్‌స్టిక్‌కే వెళ్లిపోవాలా అని అడిగారు. అక్కర్లేదండీ. పెనంలో లోపమేమీ లేదు, దానికి సీజనింగ్, అంటే నూనె రాసి కాల్చితే పట్టే పూత, ఇంకా పట్టలేదు, అంతే.

ముందు తుప్పును స్టీలు పీచుతో రుద్ది కడిగి, పొయ్యి మీద పెట్టి తడి లేకుండా ఆరబెట్టండి. తర్వాత నూనె రాసి, అసలు రాయలేదేమో అనిపించేంతగా పొడిగుడ్డతో తుడిచేయండి. చాలామందికి తేడా వచ్చేది ఇక్కడే: నూనె ఎక్కువైతే జిగురులా మిగిలిపోతుంది. ఇప్పుడు పెనాన్ని ఓవెన్‌లో బోర్లించి, 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచండి. నూనె గట్టిపడి ఇనుముకు నల్లటి పూతలా పట్టేస్తుంది. ఇలా మూడు నాలుగు సార్లు చేయండి. ఓవెన్ లేకపోతే కిటికీలు తెరిచి, పొయ్యి మీదే పొగ వచ్చేదాకా కాల్చండి.

వండేముందు మధ్యస్థం కంటే తక్కువ మంట మీద ఐదు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఇనుములో వేడి నెమ్మదిగా పాకుతుంది, పట్టిందంటే మాత్రం త్వరగా వదలదు. టమాటా, నిమ్మరసం లాంటి పులుపు ఎక్కువసేపు ఉడికితే పూత పోతుంది, వాటికి స్టీలు గిన్నే మేలు. కొంచెం సబ్బుతో కడిగినా ఏమీ కాదు, నీళ్లలో నానబెట్టడమే వద్దు.

ఉన్న నాన్‌స్టిక్ గుడ్లకు ఉంచుకోండి. కానీ దాన్ని ఖాళీగా పెద్ద మంట మీద వదలకండి. 260 డిగ్రీలు దాటితే టెఫ్లాన్ పూత దెబ్బతినడం మొదలవుతుంది. బాగా కాలితే వచ్చే పొగలు పెంపుడు పక్షుల ప్రాణం తీయగలవు.