బేరింగ్ పని తెలిసిన అబ్బాయి, నేవీ విమానాలు

ప్రశ్న: మాది బొబ్బిలి. లారీ రిపేరు షెడ్డు ఉంది. మా అబ్బాయిది మెకానికల్ డిప్లొమా ఆఖరి ఏడాది. విశాఖలో నేవీ డే విన్యాసాలు చూసొచ్చినప్పటి నుంచి యుద్ధ విమానాల బేరింగులు, స్పేర్ పార్టుల పనిలోకే వెళ్తానంటున్నాడు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది ఏవియేషన్ కోర్సుకి మూడు లక్షలు అడుగుతున్నారు. పొలం తాకట్టు పెట్టి కట్టమంటారా?

జవాబు: వద్దండీ. పొలం జోలికి అసలు వెళ్లొద్దు. ఆ కోర్సు నేర్పే దానికంటే మీ షెడ్డులో అబ్బాయి నేర్చుకున్నది ఎక్కువే ఉంటుంది. హబ్ బేరింగ్ పోతోందని చెవితో పసిగట్టే పిల్లలు కాలేజీల్లో ఎంతమంది ఉన్నారు?

అయితే విమానం పని వేరు, నౌక మీద దిగే విమానం పని మరీ వేరు. నేవీ యుద్ధ విమానం మిగ్-29కె నౌక డెక్ మీద దిగేటప్పుడు తోక కొక్కెంతో ఉక్కు తాడుని పట్టుకుని వంద మీటర్లలోపే ఆగిపోవాలి. ఆ అదురంతా ల్యాండింగ్ గేరు, ఇంజన్ భాగాల మీదే పడుతుంది. దానికి తోడు ఉప్పుగాలి. పూసపాటిరేగ తీరంలో పడవ ఇంజన్లు ఎలా తుప్పు పడతాయో మీకు తెలిసిందే. 2016లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక, ఎగరడానికి సిద్ధంగా ఉన్న మిగ్-29కె విమానాలు 16 నుంచి 38 శాతం మధ్యే ఉన్నాయని, 65 ఇంజన్లలో 40 ఇంజన్లను లోపాల వల్ల పక్కన పెట్టాల్సి వచ్చిందని చెప్పింది. పార్టులు, మరమ్మతు తెలిసిన చేతుల విలువ అక్కడే ఉంది. 2025 ఏప్రిల్లో నేవీ కోసం నౌక మీద దిగే 26 రఫేల్-ఎం యుద్ధ విమానాలకు కూడా ఒప్పందం కుదిరింది.

మీ వాడు మార్చుకోవాల్సిన అలవాటు ఒకటుంది. షెడ్డులో సైజు సరిపోతే ఏ కంపెనీ బేరింగ్ అయినా వేసేస్తాం. విమానంలో పార్టు నంబరు, సీరియల్ నంబరు, తయారీ కాగితం లేని బేరింగ్ ఎంత కొత్తదైనా పనికిరాదు. వట్టి చేత్తో ముట్టుకుంటే చెమటకే రేస్ (బంతులు తిరిగే రింగు) తుప్పు పడుతుంది. కాబట్టి ఇవాళ్టి నుంచే సుత్తి మానిపించి, పుల్లర్‌తో తీయించండి. తీసిన ప్రతి బేరింగ్ నంబరు, తేదీ, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందుకు పోయింది అన్నవి నోటుబుక్కులో రాయమనండి. నీలం రంగుకి తిరిగిందా, గుంటలు పడ్డాయా, తుప్పా? అది చూసి కారణం చెప్పడం వస్తే ఇంటర్వ్యూలో వాడి మాటకి బరువుంటుంది.

ఇక దారి. సాలూరు ఘాటు ఎక్కితే ఒడిశాలో సునాబెడ. అక్కడ విమానాలు తయారు చేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ కోరాపుట్ డివిజన్‌లో మిగ్, సుఖోయ్ ఇంజన్ల పని జరుగుతుంది. వాయుసేన మిగ్-29ల ఆర్‌డీ-33 ఇంజన్ల కోసం 2024 మార్చిలో కుదిరిన ఒప్పందం పని కూడా అక్కడిదే. నేవీ మిగ్ ఇంజన్ ఆ కుటుంబంలోదే. డిప్లొమా అప్రెంటిస్‌లను తీసుకుంటారు. ఏడాది పాటు స్టైపెండ్ ఇస్తారు. తర్వాత ఉద్యోగం గ్యారంటీ కాదు, కానీ ఆ ఏడాది అనుభవాన్ని ఏ మూడు లక్షలూ కొనలేవు. డబ్బు ఖర్చు పెట్టి తీరాలనుకుంటే హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ)లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు), కొలతల షార్ట్ కోర్సు చేయించండి. నేవీ సివిలియన్ పరీక్ష ఇన్‌సెట్‌లో వచ్చే ఛార్జ్‌మన్ (సూపర్‌వైజర్ లాంటి) పోస్టుల మీద కూడా కన్నేసి ఉంచమనండి.

దరఖాస్తులన్నీ ఆన్‌లైనే. ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారంలోనే చూసుకోండి. తేడా ఉంటే ముందు అది సరిచేయించండి.