నికోటిన్ గమ్‌తో ఎక్కిళ్లు వస్తున్నాయా? నమిలే పద్ధతి మార్చు

తమ్ముడూ, బీఎస్సీ నర్సింగ్ క్లాసులకు ఆరు వారాలే ఉంది, రోజుకు పది సిగరెట్లు, మానేద్దామని నికోటిన్ గమ్ వేసుకుంటే గొంతు మంట, ఎక్కిళ్లు వచ్చి గమ్ వదిలేశానన్నావు. తప్పు గమ్‌ది కాదు, నమలడంలో ఉంది. గబగబా నమిలితే నికోటిన్ ఒక్కసారిగా ఊరి ఉమ్మితో కడుపులోకి పోతుంది. అది నోటి లోపలి పొర నుంచే రక్తంలోకి వెళ్లాలి.

నెమ్మదిగా నములు. నాలుక చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టు. ఘాటు తగ్గాక మళ్లీ కాస్త నమిలి ఇంకోవైపు పెట్టు. ఒక్కో గమ్ అరగంట. ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింకు వద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగ్గా పట్టదు.

పొద్దున లేచిన అరగంటలోపే కాలుస్తుంటే 4 ఎంజీ గమ్, లేదంటే 2 ఎంజీ. గుండెజబ్బు ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందు డాక్టర్ని అడుగు. మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి, రోజుకు 24 దాటకుండా. కోరిక పుట్టేదాకా ఆగొద్దు, చాలామంది ఓడిపోయేది అక్కడే. తర్వాత ఆరు వారాల్లో మెల్లగా తగ్గించు. క్లాసులు మధ్యలో మొదలైనా కంగారు పడకు, గమ్ కొనసాగించు.

మానే తేదీ ఈ వారంలోనే పెట్టుకో. చిరాకు, నిద్రలేమి మొదటి వారంలోనే ఎక్కువ. పొగ ఆగాక కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. కాఫీ సగానికి తగ్గించకపోతే దానివల్ల వచ్చే దడ కూడా సిగరెట్ మానడం వల్లే అనిపిస్తుంది. పొగాకు మానేవాళ్లకు ఫోన్లో సాయం చేసే క్విట్‌లైన్ 1800-11-2356, ఉచితం.