హుంగ్దువాన్ కొండలకు వెళ్తున్న మనవరాలికి

చి. అమ్మలుకు పెదతాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో తరగతులు ముగించుకుని, వచ్చే జూన్ నుంచి ఆరు నెలలు ఇఫుగావో కొండల్లోని హుంగ్దువాన్‌లో ఉండి, మెట్ల మడుల కాలువలకు మరమ్మతులు ఎవరు చేయిస్తారో, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో పరిశోధించబోతున్నావని చెప్పాడు. వాడి గొంతులో ఉన్నది భయమేనని తెలిసింది కానీ, నాలో ఉన్నది భయమో గర్వమో తేల్చుకోలేక, ఫోన్ పెట్టేసి చాలాసేపు వరండాలో కూర్చున్నాను. మన ఇంట్లో ఆ ఊరి పేరు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. మారుటేరు పరిశోధనా కేంద్రంలో పనిచేస్తూ, అక్కడినుంచి లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థకు వెళ్ళి, 1989లో విత్తనాల సేకరణకని ఆ కొండలెక్కినవాణ్ని. అందుకే నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, ఒక స్వెట్టర్, టార్చిలైటు, నీకు పడే మందులు పెట్టుకో. మనీలా నుంచి బనావె వరకు రాత్రి బస్సు తొమ్మిది గంటలకు తక్కువ పట్టదు, అందులో ఏసీ చలికి పళ్ళు టకటకలాడతాయి కాబట్టి స్వెట్టర్‌ను పెట్టెలో అడుగున పెట్టకు. బనావెలో దిగి జీప్నీ (జనాన్ని ఎక్కించుకునే పొడవాటి జీపు) ఎక్కితే హపావో మీదుగా హుంగ్దువాన్ చేరతావు.

వానల గురించి మాత్రం ఒక మాటతో సరిపెట్టలేను. జూన్ నుంచి నవంబరు అంటే నువ్వు సరిగ్గా తుఫాన్ల కాలాన్నే ఎంచుకున్నావు. పంట కోతలు చూడాలంటే తప్పదని నాకూ తెలుసు, అయినా తిట్టకుండా ఉండలేకపోతున్నాను. అక్కడ రోడ్డుకు ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఆ కొండ నాలుగు రోజులు నానితే బురదై రోడ్డు మీదికి జారుతుంది. వాతావరణ శాఖ తుఫాను సిగ్నల్ ఎగరేసిందంటే, అది ఒకటో నంబరైనా సరే, మనీలాలో ఎంత పెద్ద సమావేశం ఉన్నా సరే, జీప్నీ ఎక్కకు. 1990 జూలై 16న లూజాన్ దీవిలో భూకంపం వచ్చినప్పుడు నేను లాస్ బాన్యోస్‌లో క్షేమంగానే ఉన్నాను కానీ, కొండలకు వెళ్ళే రోడ్లు తెగిపోయి, అంతకు ముందేడు నాకు అన్నం పెట్టిన వాళ్ళ కబురు తెలియక రోజుల తరబడి నలిగిపోయాను. అప్పటినుంచి కొండ వాలు చూస్తే నాకు కాళ్ళు ఆడవు. ఇది నా భయమేననుకో, నా కోసమైనా పాటించు.

ఇక ఊరి సంగతి. మునిసిపాలిటీ అన్న మాట వినగానే మన తణుకో, తాడేపల్లిగూడెమో ఊహించుకోకు. ఫిలిప్పీన్స్‌లో మునిసిపాలిటీ అంటే ఎన్నికైన మేయరున్న మండలం అనుకుంటే దగ్గరగా ఉంటుంది. ఇఫుగావో ప్రావిన్సులోని 11 మునిసిపాలిటీలలో హుంగ్దువాన్ ఒకటి. దానికింద 9 బరంగాయ్‌లు, అంటే ఊరి స్థాయి పాలనా విభాగాలు. అందరినీ కలిపినా జనాభా సుమారు తొమ్మిదివేలు, అంటే మన దగ్గర ఒక పెద్ద పంచాయతీకి సాటి. కానీ విస్తీర్ణం చూస్తే కొండలు, అడవులు, లోయలు కలిసి పడమట బెంగెట్ సరిహద్దు దాకా పరుచుకుని ఉంటుంది. ఇంటికీ ఇంటికీ మధ్య దూరాన్ని కిలోమీటర్లలో అడగకు, ఎన్ని గంటల నడక అని అడుగు. పైన నపులావాన్ పర్వతం 2,600 మీటర్లు దాటి నిలబడి ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం చివర జపాన్ సేనాని యమషితా తన సైన్యంతో తలదాచుకున్నది ఆ చుట్టుపక్కలే. తర్వాత 1945 సెప్టెంబరు 2న పొరుగునున్న కియంగాన్‌లో లొంగిపోయాడు. ముసలివాళ్ళు ఆ ఆకలి రోజులు తలుచుకుంటే పుస్తకం మూసి విను.

మడులను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 2001లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి ఎక్కించి, 2012లో తీసేసింది. హుంగ్దువాన్ మడులు సాలెగూడు ఆకారంలో ఉంటాయని అందరూ రాస్తారు, నిజమే, పైనుంచి చూస్తే అలాగే ఉంటాయి. నువ్వు మాత్రం కిందినుంచి, గట్టు రాళ్ళ పక్కన నిలబడి చూడు. ఒక రాయి జారితే ఆ సాయంత్రంలోగా ఎవరు వచ్చి సర్దుతారో చూస్తే నీ పరిశోధన సగం అయినట్టే. ఈ మడులు రెండువేల ఏళ్ళ నాటివని పాఠ్యపుస్తకాలంటే, పాత కియంగాన్ దగ్గర తవ్విన పురావస్తు శాస్త్రవేత్తలు నీటి వరి అక్కడికి స్పానిష్‌వాళ్ళు లూజాన్‌కు వచ్చాకనే చేరిందంటున్నారు. ఆ తగాదా నీ సిద్ధాంత గ్రంథంలో రాసుకో, వాళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని వాదించకు.

అక్కడ పండే సంప్రదాయ వరిని తినావోన్ అంటారు, ఏడాదికొక్క పంటే. అధిక దిగుబడి వరి రకం ఐఆర్8 విడుదల చేసిన సంస్థ నుంచి వచ్చినవాణ్నని నాకప్పుడు మహా గీర ఉండేది. ఎకరానికి ఎన్ని బస్తాలని అడిగి, జవాబు విని నవ్వాను కూడా. ఆ చలికి, ఆ నీటికి మేం తెచ్చినవేవీ నిలవవని అర్థమయ్యాక నవ్వడం మానేశాను. మంచి మడులు ఇంటి పెద్ద సంతానానికి వస్తాయి, ఆడపిల్లయినా మగపిల్లాడైనా సరే. కాబట్టి ఇంటికి వెళ్ళగానే మగవాళ్ళ వైపు తిరిగి ప్రశ్నలు మొదలుపెట్టకు.

పాలన గురించి నీకే నాకంటే ఎక్కువ తెలుసు, అయినా నా లెక్క చెప్తాను. మేయరు ఒకరు. వైస్ మేయరు అధ్యక్షత వహించే సభ పేరు సంగ్గునియాంగ్ బయాన్. అందులో ఎన్నికైన 8 మంది, వారితోపాటు బరంగాయ్ కెప్టెన్ల సమాఖ్య అధ్యక్షులు, యువజన ప్రతినిధి, ఆదివాసుల ప్రతినిధి కూర్చుంటారు. ఇదంతా 1991 స్థానిక పాలన చట్టం, 1997 ఆదివాసీ హక్కుల చట్టం వచ్చాక కుదురుకున్న ఏర్పాటు. ఇలాంటి కొండ మునిసిపాలిటీలకు సొంత పన్నుల రాబడి నామమాత్రం, జాతీయ పన్నుల్లో వచ్చే వాటాయే ప్రాణం. స్థానిక సంస్థలకు కేటాయించిన మొత్తంలో మునిసిపాలిటీలకు 34 శాతం, బరంగాయ్‌లకు 20 శాతం. మునిసిపాలిటీల వాటాను పంచేటప్పుడు సగం జనాభాను బట్టి, పావు వంతు విస్తీర్ణాన్ని బట్టి, మిగిలిన పావు అందరికీ సమానంగా లెక్కగడతారు. మనుషులు తక్కువ, కొండలు ఎక్కువ ఉన్న హుంగ్దువాన్‌ను ఈ సూత్రం ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ ముంచుతుందో నువ్వే కూర్చుని తేల్చు. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో కస్టమ్స్ సుంకాలు కూడా లెక్కలోకి వచ్చి, 2022 నుంచి వాటా పెరిగింది. కోశాధికారి గదిలో అడిగేటప్పుడు ఆ ఏటికి ముందూ వెనకా లెక్కలు విడివిడిగా అడుగు.

ఇప్పుడు ఎవరికీ చెప్పని సంగతి చెప్తున్నాను. మీ నాన్నకు చదివి వినిపించకు.

1989 జూలైలో నేను మునిసిప్యోకు, అంటే మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళి, మేయరుగారి సంతకంతో, గుండ్రని ముద్రతో ఒక ఉత్తరం తీసుకున్నాను. బరంగాయ్ కెప్టెన్ ఇల్లు రెండు గంటల నడక దూరంలో ఉందన్నారు. నాకు మిగిలినవి మూడు రోజులు. పై అధికారి అనుమతి చేతిలో ఉండగా కిందివాడి దగ్గరికి ఎందుకులే అనుకున్నాను. మన ఆఫీసుల్లో నేర్చుకున్న తెలివి అది. మర్నాడు తెల్లవారకముందే, గోధుమరంగు కాగితపు కవర్ల కట్ట చంకలో పెట్టుకుని, ఒక ఊరి మడుల్లోకి ఒంటరిగా దిగాను. ఆ ఊరి పేరు రాయను, తొమ్మిదింటిలో ఒకటి. కాలిబాటకు అడ్డంగా పాతిన రెల్లుకర్ర చివర ఆకులు ముడివేసి ఉన్నాయి. పిల్లల ఆట అనుకుని దాటేశాను. గట్టు వెంబడి నడుస్తూ, నచ్చిన వెన్ను కత్తిరించి, కవరులో వేసి, పెన్సిలుతో నంబరు రాసుకుంటూ, ఆరు మడులు తిరిగాను. వరి పసుపు తిరిగి వంగి ఉంది, కోతకు సిద్ధం, కానీ మైలు దూరంలో మనిషి జాడ లేదు. గోదావరి డెల్టాలో పుట్టిన రైతుబిడ్డను కదా, కోతల రోజుల్లో పొలం ఖాళీగా ఎందుకుందని నాకు అనుమానం రావద్దూ? రాలేదమ్మా. పని త్వరగా అవుతోందని సంతోషించాను.

తలెత్తేసరికి పై గట్టు మీద ఒక ముసలమ్మ నిలబడి ఉంది. అరవలేదు, రాయి విసరలేదు. నా చేతిలో కవర్లకేసి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ చూపుకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ రోజు తుంగో. అంటే ఊరంతా మడుల్లోకి దిగకూడని విశ్రాంతి దినం. దారిలోని ముడి ఆ కట్టుబాటుకు గుర్తు. మధ్యాహ్నానికి నన్ను కెప్టెన్ వాకిట్లో కూర్చోబెట్టారు. మేయరు ఉత్తరం తీసి చూపించాను. కెప్టెన్ దాన్ని మర్యాదగా చదివి, మడిచి, తిరిగి నా చేతికిచ్చి, ఇది రోడ్డుకు పనికొస్తుంది, మడులకు కాదన్నాడు. అటూ ఇటూ మాట్లాడడానికి ఒక పెద్దమనిషిని పెట్టారు. పూర్వం నాయకుడూ న్యాయస్థానమూ లేని ఆ సమాజంలో తగవులు తీర్చిన మధ్యవర్తిని మొంకలున్ అనేవారు. ఆయన మూడుసార్లు ఆ ముసలమ్మ ఇంటికీ నా దగ్గరికీ నడిచాడు. తప్పు కింద కోడి, బియ్యపు సారా ఇచ్చుకోవాలని తేలింది. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పెరిగిన నేను కోడిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంటే, దాని గుండె నా అరచేతిలో కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది. పూజారి ముంబాకి మంత్రాలు చదివి, కోడిని కోసి, పిత్తాశయం చూసి శకునం పరవాలేదన్నాడు. అప్పుడు ఆవిడ వచ్చి, నా కవర్లు ఒక్కొక్కటే విప్పి, వెన్నులన్నీ బయటికి తీసి, ఒళ్ళో వరసగా పేర్చి, ఒక్క గింజ రాలనీకుండా నారతో కట్ట కట్టుకుని తీసుకుపోయింది. నంబర్లు వేసిన ఖాళీ కవర్లు నాకు మిగిలాయి. సంస్థకిచ్చిన నివేదికలో వానల వల్ల సేకరణ కుదరలేదని రాశాను. అదీ తప్పే.

నీ కాలంలో ఈ దారి కాగితం మీదికి వచ్చింది. ఆదివాసుల సంప్రదాయ జ్ఞానం మీద పరిశోధనకు వాళ్ళ జాతీయ కమిషన్ ద్వారా ముందస్తు అంగీకారం కావాలి. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టు, నెలలు పడుతుంది. కానీ ఆ కాగితం వచ్చాక కూడా కెప్టెన్ ఇంటికి నడిచి వెళ్ళు. రెండు గంటలైనా, వానైనా నడువు (తుఫాను సిగ్నల్ లేకపోతేనే సుమా). ఆయన తరవాత ఏడుగురు కగవాద్‌లలో (బరంగాయ్ సభ్యుల్లో) నీ కాలువ ఎవరి చూపులో ఉందో వాళ్ళను, ఆ తరవాత మడి యజమానిని కలువు. ప్రతి ఇంట్లో మొదటి ప్రశ్నగా, మడుల్లోకి దిగకూడని రోజులేవని అడుగు. వక్క, తమలపాకు, సున్నం పట్టుకెళ్ళు. దాన్ని వాళ్ళు మొమా అంటారు. మీ నాయనమ్మ పేరంటానికి వచ్చినవాళ్ళకు తాంబూలం ఇచ్చేటప్పుడు ఎలా ఇస్తుందో అలా, రెండు చేతులతో ఇవ్వు. మనీలాలో నేర్చిన తగలాగ్ గొప్ప చూపించకు. ఇంగ్లీషు చాలామందికి వచ్చు, కానీ నాలుగు మాటలు తువాలి ఇఫుగావో నేర్చుకుంటే ముసలివాళ్ళు నోరు విప్పుతారు.

నీకు తొందరెక్కువ. చిన్నప్పుడు పులిహోర కలపకముందే గిన్నెలో చెయ్యి పెట్టేదానివి. అది నా పోలికే, అందుకే నా ఈ గాభరా. బూట్ల సైజు పంపు, హైదరాబాదులో కొని కొరియర్ చేస్తాను, అక్కడ నీ పాదానికి సరిపడేవి దొరుకుతాయో లేదో.

ఇంకొక చిన్న పని. ఆ ముసలమ్మ ఈపాటికి ఉండదు. నీ తిరుగుడులో ఎప్పుడైనా, కోతలు జరగాల్సిన రోజున కవర్లు పట్టుకుని మడుల్లో తిరిగిన భారతీయుడి కథ ఎవరైనా చెబితే, ఆ మడి ఇప్పుడు ఏ పెద్ద సంతానం చేతిలో ఉందో కనుక్కుని నాకు రాయి. నా పేరు చెబితే ఎవరికీ తెలియదు. కోడిని పట్టుకోవడం రానివాడని చెప్పు, గుర్తుపడతారు.

ఆశీస్సులతో,
పెదతాతయ్య