రామచిలుకను ఇంట్లో పెంచుకోవచ్చా? విదేశీ చిలుక కొంటే కేసవుతుందా?

పాప పుట్టినరోజుకు చిలుక కొందామనుకుంటున్నామని, రామచిలుక మన పక్షే కాబట్టి ఫర్వాలేదని, విదేశీ చిలుక అయితే కేసవుతుందని ఎవరో చెప్పారని రాశారు. మీకు తలకిందులుగా చెప్పారండీ. చట్టం ముందు కాపాడేది మన రామచిలుకనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం అన్నీ నేరమే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. సంతల్లో అమ్ముతున్నారు కదా, చిలక జోస్యం వాళ్ల దగ్గర ఉంటున్నాయి కదా అని మీకు అనిపించొచ్చు. వాటికీ అనుమతి లేదు. చెట్టు తొర్రల్లోంచి కళ్లు కూడా తెరవని పిల్లల్ని లాక్కొచ్చి అమ్మే వ్యాపారమది. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని తెచ్చుకునేవాళ్లకైతే శిక్ష ఇంకా గట్టిది, మూడు నుంచి ఏడేళ్లు.

విదేశీ పక్షి సంగతి వేరు. మా ఇంట్లో సన్ కాన్యూర్ అనే విదేశీ చిలుక ఉంది. కొనేటప్పుడు మొదట వెళ్లిన షాపతను "పేపర్లు ఎవరడుగుతారు సార్, ఇంట్లో పెంచిన పిల్లే" అన్నాడు. అక్కడ కొనలేదు. తర్వాత ఒక బ్రీడర్ బిల్లుతో పాటు తన రిజిస్ట్రేషన్ కాపీ కూడా ఇచ్చాడు. పిల్ల కాలు సన్నగా ఉన్నప్పుడే తొడిగిన, అతుకులేని రింగు ఉంది దానికి. పెద్ద పక్షికి అలాంటిది ఎక్కించడం కుదరదు, అందుకే అది పెంపకంలో పుట్టిందనడానికి మంచి ఆధారం.

వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత సైటీస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలోని విదేశీ జంతువు ఏది మన దగ్గరున్నా రిజిస్టర్ చేయించాలి. ఆఫ్రికన్ గ్రే, మకావ్ చిలుకలు, బాల్ పైతాన్ అనే కొండచిలువ, గ్రీన్ ఇగ్వానా అనే పెద్ద బల్లి అన్నీ అందులోవే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం, పక్షి చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. అది మన రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు వెళ్తుంది. నేను దరఖాస్తులో రింగు మీది నంబరు కూడా రాశాను. అది చదవడమే పెద్ద పని. మా ఆవిడ పక్షిని టవల్‌లో చుట్టి పట్టుకుంటే, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూసుకున్నాం. తర్వాత పక్షిని వేరేవాళ్లకిచ్చినా, అది చనిపోయినా తెలియజేయాలి.

చిన్నపిల్లకే కాబట్టి నేనైతే బడ్జీల జంటనో, కాకటీల్‌నో తీసుకోమంటాను, రెండూ చిన్న విదేశీ చిలుకలే. ఈ రెండూ సైటీస్ జాబితాలో లేవు, రిజిస్ట్రేషన్ టెన్షన్ లేదు. ఆఫ్రికన్ గ్రే మాత్రం వద్దండీ. యాభై ఏళ్లు కూడా బతకగల పక్షి అది, పాప చదువుకి వెళ్లిపోయాక దాన్నెవరు చూస్తారు?

మీ అత్తగారింట్లో ఇప్పటికే రామచిలుక ఉందన్నారు కదా, దాన్ని పంజరం తలుపు తీసి వదిలేయమని మాత్రం చెప్పకండి. రెక్కలు కత్తిరించి ఉంటే పిల్లికో కాకికో దొరికిపోతుంది. అటవీశాఖకు ఫోన్ చేసి అప్పగించమనండి. రెక్కలొచ్చేదాకా ఉంచి వదలాలా, జూలో పెట్టాలా అన్నది వాళ్లు చూసుకుంటారు.