డ్రెయిన్ ఖాళీ చేయడం వచ్చాకే ఇంటికి

మీ అక్కకి ఒక పక్క రొమ్ము తీసేసి సాయంత్రమే పంపేస్తామంటున్నారు, ఒప్పుకోవాలా, ఒక రాత్రైనా ఉంచమని పట్టుబట్టాలా అని అడిగారు. ఆరోగ్యం బాగున్న మనిషైతే ఒప్పుకోండి. కాకపోతే డ్రెయిన్ (ఆపరేషన్ చోట చేరే రక్తం, నీరు బయటికి లాగే ట్యూబు, దాని చివర పిండే బల్బు) సంగతి ఆపరేషన్‌కి ముందే నేర్చుకోండి.

గడ్డ వరకే తీసే ఆపరేషన్‌కి అదే రోజు పంపడం మామూలే, చంకలో ఒకటి రెండు గ్రంథులు తీసినా సరే. పొట్ట దగ్గరి కొవ్వుతో రొమ్ము మళ్లీ కడితే మాత్రం ఆ మాటే లేదు. అతికిన రక్తనాళం మూసుకుపోతే గంటల్లోనే కనిపెట్టాలి, అందుకే మొదటి రోజంతా దాని రంగు, వేడి గంటగంటకీ చూస్తారు. మీ అక్కది ఈ రెంటికీ మధ్య.

మొదటి 24 గంటల్లో అసలు భయం లోపల రక్తం చేరడం. ఆ పక్క ఉబ్బి బిగుసుకుపోవడం, మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతూ పోవడం, బల్బు ఎర్రటి రక్తంతో గబగబా నిండడం దాని గుర్తులు. గంటలో 100 మి.లీ. వచ్చిందంటే తెల్లారేదాకా ఆగొద్దు. డ్రెయిన్‌లో ఏమీ రాకపోతే చాలామంది సంతోషిస్తారు. ఛాతీ ఉబ్బుతూ బల్బు ఖాళీగా ఉంటే ట్యూబులో రక్తం గడ్డకట్టి అడ్డుపడి ఉండొచ్చు, వెంటనే ఫోన్ చేయాలి.

ఖాళీ చేసేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కుని, ట్యూబు చర్మంలోంచి బయటికొచ్చే చోట ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి. ఆ పట్టు లేకపోతే కుట్టు లాగేస్తుంది. రెండో చేతి వేళ్లతో ట్యూబుని నొక్కుతూ బల్బు వైపు జార్చండి. మూత తీసి కొలత కప్పులోకి వంచి, ఎన్ని మి.లీ. వచ్చిందో, ఎన్నింటికో రాయండి. ఆ తర్వాత బల్బుని పూర్తిగా పిండి, పిండిన పట్టు వదలకుండానే మూత పెట్టాలి. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే: చెయ్యి వదిలాక మూత పెడితే బల్బు గాలితో నిండిపోయి పీల్చే బలం ఉండదు, నీరు లోపలే నిలిచిపోతుంది. మూత సరిగ్గా పెట్టినా బల్బు మళ్లీ ఉబ్బుతుంటే ట్యూబు బయటికి జారిందేమో చూడాలి. రోజుకి రెండుసార్లు, లేదా సగం నిండగానే ఇలా చేయాలి. బల్బుని వేలాడనివ్వకుండా బట్టలకి పిన్ను పెట్టండి. ఎరుపు మెల్లగా గులాబీకి, ఆపైన లేత పసుపుకి తిరుగుతుంది. వరుసగా రెండు రోజులు 24 గంటలకి 30 మి.లీ. లోపే వస్తే మామూలుగా డ్రెయిన్ తీసేస్తారు.

ఇంత పనిని మత్తు పూర్తిగా వదలని మనిషికి డిశ్చార్జ్ కాగితాలతో పాటు గబగబా చెప్పి పంపడం అన్యాయం. కాగితం చేతిలో పెడితే నేర్పినట్టు కాదు. నర్సు చూస్తుండగా ఇంట్లో చూసుకునేవాళ్లు ఒకసారి స్వయంగా చేశాకే బయల్దేరండి.

ఛాతీకి నరాల బ్లాక్ (ఆ చోటు మొద్దుబారేలా ఇచ్చే ఇంజెక్షన్) ఇస్తే సాయంత్రం నొప్పే తెలియదు, దాంతో నొప్పి మాత్ర మానేస్తారు. ఆ మొద్దు అర్ధరాత్రో మర్నాడో వదులుతుంది, అప్పుడు నొప్పి ఒక్కసారిగా ముంచుకొస్తుంది. అందుకే నొప్పి లేకపోయినా రాసిన టైముకి మాత్ర పడాలి. రాసింది పారాసెటమాల్ అయితే, చాలా జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, మోతాదు మించకుండా దాన్నీ లెక్కలో వేసుకోండి. చంక గ్రంథిని గుర్తుపట్టడానికి నీలం రంగు ఎక్కిస్తే మూత్రం ఒకటి రెండు రోజులు ఆకుపచ్చగానో నీలంగానో రావచ్చు, దానికి కంగారుపడకండి.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, రక్తం పలచబరిచే మందులు, అదుపులో లేని షుగర్, ఆగని వాంతులు, ఆపరేషన్ తర్వాత మూత్రం రాకపోవడం: వీటిలో ఏది ఉన్నా ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి. ఇంట్లో తోడు లేకపోయినా అంతే. త్వరగా పంపితే వదిలించుకున్నారని చుట్టాలు అంటారు, పట్టించుకోకండి. రాత్రి రెండింటికి ఏ నంబరుకి చేయాలి, ఎవరు ఎత్తుతారు అని మాత్రం డిశ్చార్జ్‌కి ముందే అడిగి రాసుకోండి. దానికి సరైన జవాబు రాకపోతే ఆ రాత్రి అక్కడే ఉంచమనండి.