బండెక్కే ముందు ఒకసారి వంగి చూడు

బుజ్జమ్మా,

భోగికి బస్సులో కాకుండా బండి మీద చెన్నై నుంచి నెల్లూరు వస్తానన్నావట. మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు, నన్ను వద్దని చెప్పమంది. సరే చూస్తాలే అని పెట్టేసి, ఆ సాయంత్రం పెరంబూరులో ఎదురైన ప్రతివాడికీ మా మేనకోడలు ఒక్కతే బండేసుకుని 175 కిలోమీటర్లు పోతోందని చెప్పుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పెట్రోలు, గాలి, లైట్లు, హెల్మెట్టు నీకు తెలిసినవే. చైను ఎంత వదులుండాలో బండి పుస్తకంలో ఉంటుంది, చూసుకో.

నా బెంగంతా నట్ల గురించి. "మొన్ననే సర్వీసు చేయించాను మామయ్యా" అంటావు. నా భయమే అది. ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని నట్టు కంటే, నిన్న విప్పి బిగించిన నట్టంటేనే నాకు వణుకు.

1991 సంక్రాంతి. అప్పుడు నాది హీరో హోండా సీడీ 100 బండి. 'ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్' అని దాని ప్రకటన. వాళ్లు పెట్రోలు గురించి అన్నారు, నేను బండి మొత్తానికీ అన్వయించుకున్నా! నెల్లూరు నుంచి మీ అత్తని ఎక్కించుకుని వస్తుంటే నాయుడుపేటలో వెనక చక్రం పంక్చరైంది. షాపు కుర్రాడు ట్యూబుకి అతుకేశాడు. చక్రం నేనే ఎక్కిస్తానన్నా. ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టర్ని కదా, పెట్టెలు బిగించిన చేతులన్న పొగరు. వెనక బ్రేకు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా ఒక ఇనప పట్టీ పట్టి ఉంచుతుంది. దాని చివర ఒక నట్టు, ఆ నట్టు రాలిపోకుండా అడ్డంగా ఒక స్ప్లిట్ పిన్ను. పిన్ను పోతుందేమోనని చొక్కా జేబులో వేసుకున్నా. నట్టు వేళ్లతో తిప్పా. స్పానరు అందుకోబోతుంటే మీ అత్త, "పొద్దు వాలకముందే నేలపట్టు పక్షులు చూపిస్తానన్నారు" అంది. కిక్కు కొట్టా.

అప్పటి ఐదో నంబరు హైవే, ఇప్పుడు 16 అంటున్నారు. పోనూ రానూ ఒకటే రోడ్డు. దొరవారిసత్రం ఇంకా రాలేదు, ఎద్దులబండి అడ్డమొస్తే బ్రేకు తొక్కా. నట్టు ఎక్కడ రాలిందో ఏమో, ప్లేటు గిర్రున తిరిగి బ్రేకు రాడ్డుని మెలేసింది, చక్రం పట్టేసింది. ఇద్దరం రోడ్డు మీద. మీ అత్త కుడి మణికట్టు విరిగింది, ఆ చేతికి ఒక్క గాజు మిగల్లేదు. వెనకొచ్చిన లారీ ఎంత దగ్గరగా తప్పుకుని పోయిందంటే, దాని తాడు కొస నా భుజానికి రాసుకుంది.

డాక్టరు దగ్గర డబ్బు కోసం జేబులో చెయ్యి పెడితే పిన్ను వేలికి గుచ్చుకుంది. బయటికి తీశా. మీ అత్త చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కుక్క అడ్డమొచ్చిందని ఇంట్లో చెబుదాం" అంది. నన్ను తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

అందుకని, వెటకారాలు కట్టిపెట్టి చెప్పింది చెయ్యి. ముందు రోజు రాత్రి టార్చి వేసుకుని వంగు. వెనక ఇరుసు నట్టు, ఆ పట్టీ నట్టు చూడు. నీదీ డ్రమ్ము బ్రేకే. పిన్ను కొత్తది కొను, పాతది మళ్లీ వాడొద్దు. దూర్చాక పిన్ను రెండు కాళ్లూ విడదీసి వంచాలి. ముందు బ్రేకు నొక్కి పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపు. హ్యాండిల్ మెడ దగ్గర టక్కుమంటే ప్రయాణం ఆపి మెకానిక్కు దగ్గరికి పో. స్పోకుల మీద స్పానరుతో తట్టు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది డబ్బుమంటుంది. రైలాగితే సుత్తితో చక్రాలు కొట్టుకుంటూ పోయేవాళ్లు విన్నదీ ఇలాంటి తేడానే. అద్దాలు, సైలెన్సరు, నంబరు ప్లేటు చేత్తో కదిపి చూస్తే చాలు. బలముంది కదా అని ఇంజిను బోల్టుల్ని మాత్రం పిండెయ్యకు, అల్యూమినియంలో మర పోతుంది.

నీ గోళ్లరంగు సీసా ఉందిగా, ఎర్రది. బిగించాక నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక గీత గియ్యి. నట్టు కదిలితే గీత విరుగుతుంది. స్పానరు లేకుండానే కంటికి తెలుస్తుంది.

తడలో టీకి ఆగి, ముందు ఆ గీతలు చూసి, తర్వాత టీ తాగి ఫోను చెయ్యి. మీ అత్త ఆ మణికట్టు రుద్దుకుంటూ ఫోను పక్కనే కూర్చుని ఉంటుంది. మీ అమ్మకి ఇప్పటికీ కుక్క సంగతే తెలుసు. అది అలాగే ఉండనీ.

నీ పెరంబూరు మామయ్య