స్విచ్ ఆపినా బ్యాటరీ అయిపోతోందా? మీ కేసు అక్కడే ఉంది

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. మా అబ్బాయి ఇంటర్ చదువుతూ ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాడు. శని, ఆదివారాలు బైక్ మీద నెల్లూరు వెళ్లి ప్రాక్టీస్ చేస్తాడు. వాడిది స్ప్రింగ్ రైఫిల్. దానికోసం 2023 ఆగస్టులో ఆన్‌లైన్‌లో రూ. 24,500 పెట్టి రెడ్ డాట్ సైట్ (రైఫిల్ మీద బిగించి, లోపల వెలిగే ఎర్ర చుక్కతో గురి చూసే పరికరం) తెప్పించాం. బిల్లు చెన్నైలో ఉండే మా బామ్మర్ది పేరు మీద ఉంది. ఒక్క బ్యాటరీతో 50,000 గంటలు వెలుగుతుందని ప్రకటనలో రాశారు. మాకు తొమ్మిది రోజులకే అయిపోతోంది. అక్టోబర్ 9న అమ్మకందారును వాట్సాప్‌లో అడిగితే బ్యాటరీ మార్చమన్నారు. ఎన్ని మార్చినా అదే వరస. డిసెంబర్ 18న ‘బ్యాటరీకి వారంటీ వర్తించదు’ అని ఈ-మెయిల్ పంపి చేతులు దులుపుకున్నారు. ఆ తర్వాత ఎన్ని మెయిళ్లు పెట్టినా పలుకు లేదు. ఒక క్లబ్ పోటీలో డాట్ ఆరిపోయి మావాడు ఏడుస్తూ ఇంటికొచ్చాడు. రాష్ట్రస్థాయి సెలక్షన్ పోయిందని కుంగిపోయాడు. రూ. 5 లక్షల నష్టపరిహారం రాబట్టాలని ఉంది. పెట్టె, మాన్యువల్, పాత బ్యాటరీలు పారేశాం. మొబైల్ రిపేర్ కుర్రాడు సైట్ విప్పి లోపం చెబుతానంటున్నాడు. ఏడాది వారంటీ దాటిపోయింది కదా అని తెలిసిన షాపాయన ఈ ఏడాది తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

– ఒక తండ్రి, కావలి

జవాబు: మీ ఉత్తరంలో అబ్బాయి బాధ కనిపిస్తోంది. వినియోగదారుల కమిషన్ చూసేది అది కాదు. ఖాళీ అవుతున్నది బ్యాటరీ తప్పు వల్లనా, ఖాళీ చేస్తున్నది సైటా అన్న ఒక్క ప్రశ్న మీదే మీ కేసు నిలుస్తుంది, లేదా పోతుంది. బ్యాటరీ అరిగిపోయే వస్తువు, దానికి వారంటీ లేదన్న అమ్మకందారు మాట నిజమే. కానీ మీరు అడగాల్సింది బ్యాటరీ వారంటీ కాదు, సైట్ వారంటీ. మంచి బ్యాటరీని సైటే తినేస్తుంటే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10) చెప్పే వస్తు లోపం.

ముందు గడువు సంగతి. సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. మీరు డిసెంబర్ 18 నాటి తిరస్కరణ మెయిల్ నుంచి లెక్క వేసుకుని ఇంకా మూడు నెలలుందని ధీమాగా ఉన్నట్టున్నారు. ఎదుటి లాయర్ ఆ తేదీ ఒప్పుకోడు. లోపం అక్టోబర్ 9నే తెలిసిందని మీ వాట్సాప్ మెసేజే చూపిస్తాడు. అప్పుడు గడువు 2025 అక్టోబర్ 9 నాటికే అయిపోతుంది. ఈ జవాబు రాస్తున్నది 2025 సెప్టెంబర్‌లో. కాబట్టి అక్టోబర్ మొదటి వారంలోపే ఫిర్యాదు దాఖలు కావాలి. మీరు తర్వాత పెట్టిన మెయిళ్లతో గడువు పెరగదు. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, మంచిదే, కానీ దానివల్లా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా తగిన కారణం చూపాలి. ‘జవాబు వస్తుందని ఎదురుచూశాం’ అంటే చాలామంది సభ్యులు ఒప్పుకోరు.

వారంటీ ఏడాది దాటిపోయిందన్న భయం వద్దు. లోపం రెండో నెలలోనే బయటపడింది, ఆ సంగతి రాతపూర్వకంగా వాళ్లకు తెలిపారు. ఆ హక్కు అప్పుడే మీకు వచ్చేసింది.

ఇక కొత్త తేదీ బిల్లు మాట. దాని జోలికి వెళ్లకండి. ఆ ఆలోచన మీకు రావడమే నాకు నచ్చలేదు. నకిలీ పత్రం తయారుచేయడం, అది నకిలీదని తెలిసీ అసలుదిగా వాడడం, రెండూ భారతీయ న్యాయ సంహిత కింద నేరాలే. పైగా ఆన్‌లైన్ ఆర్డర్ నంబరు, డబ్బు చెల్లించిన తేదీ అమ్మకందారు దగ్గర ఉంటాయి. మీ బామ్మర్ది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కూడా ఉంటాయి. ఒక్క కాగితంతో మీ నిజమైన ఫిర్యాదు కూడా అబద్ధమైపోతుంది. ఆ బిల్లు రాసిచ్చినాయన కూడా మీతోపాటు ఇరుక్కుంటాడు. పాత బిల్లుతోనే మీకు హక్కు ఉంది.

సైట్ విప్పించడమూ అంతే ప్రమాదం. చాలా సైట్ల లోపల తేమ చేరకుండా సీల్ చేసి ఉంటుంది. స్క్రూ తిప్పిన మరుక్షణం అవతలి వాళ్లకు ‘మా వస్తువును మార్చేశారు’ అనే వాదన దొరుకుతుంది. ఉత్పత్తిని మార్చినా, తప్పుగా వాడినా అమ్మకందారు బాధ్యత నుంచి తప్పించుకునే వీలు సెక్షన్ 87లో ఉంది. ల్యాబ్ పరీక్ష అవసరమైతే సెక్షన్ 38(2)(సి) కింద కమిషనే శాంపిల్‌ను సీల్ చేసి పంపుతుంది. విప్పిన వస్తువు మీద వచ్చే ఏ నివేదికైనా బలహీనమే. ఆ కుర్రాడికి పని తెలియదని నేను అనడం లేదు. వాడు వైరు కలిపి రీచార్జబుల్ సెల్ పెట్టి వెలిగించినా వెలిగిస్తాడు. కానీ మీకు కావాల్సింది వెలుతురు కాదు, రుజువు.

ఆ రుజువు సైట్ విప్పకుండానే తీయవచ్చు. నేను చెప్పే వరసలోనే చేయండి.

ముందుగా బ్యాటరీ తప్పును పక్కకు తీయాలి. మీ సైట్‌లో ఉండేది సీఆర్2032 బటన్ సెల్ అయితే దాని మందం 3.2 మిల్లీమీటర్లు. అదే సైజులో కనిపించే సీఆర్2025 మందం 2.5 మిల్లీమీటర్లే, అది లోపల వదులై ఊగుతుంది. ఎల్‌ఐఆర్2032 రీచార్జబుల్ రకం. దాని వోల్టేజీ ఎక్కువ, నిలవ ఉండే చార్జి చాలా తక్కువ. పొరపాటున అది వాడి ఉంటే ఈ కేసు మీది కాదు, వాళ్లది. కొన్ని బటన్ సెల్స్‌కు పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత ఉంటుంది. కొన్ని పరికరాల్లో దానివల్ల కాంటాక్ట్ సరిగా కుదరదు. అందుకని పేరున్న కంపెనీది, పూత లేనిది, సీల్ తీయనిది బిల్లుతో కొనండి. పెట్టేటప్పుడు అంచులు పట్టుకోండి, మూత బిగించండి. లోపల కాంటాక్ట్ మీద పచ్చగానో తెల్లగానో బూజులాంటిది ఉంటే ముందు ఫొటో తీయండి, తర్వాతే పొడి గుడ్డతో తుడవండి. కావలి సముద్రానికి దగ్గర. ‘ఉప్పు గాలికి తుప్పు పట్టింది’ అని వాళ్లు తప్పకుండా అంటారు.

మల్టీమీటర్‌లో 3 వోల్టులు చూపిస్తే సెల్ బాగుందనుకోవద్దు. లిథియం బటన్ సెల్ దాదాపు అయిపోయే దాకా, దేనికీ కలపకుండా కొలిస్తే 3 వోల్టుల దగ్గరే చూపిస్తుంది. పరికరం కరెంటు లాగినప్పుడే దాని అసలు రంగు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. సైట్‌ను రైఫిల్ నుంచి తీసేయండి. ఇది ముఖ్యం. ఎందుకంటే మీరు ఉత్తరం మధ్యలో ఒక ముక్కలో రాసి వదిలేసిన ‘స్ప్రింగ్ రైఫిల్’ అన్న మాట అవతలి వాళ్లకు దొరికే అతి పెద్ద ఆయుధం. స్ప్రింగ్ పిస్టన్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండువైపులా కుదుపుతుంది. మామూలు తుపాకీని తట్టుకునే సైట్లు కూడా దీనికి పాడవుతాయి. స్ప్రింగ్ రైఫిల్‌కు వాడవద్దని మాన్యువల్‌లో ఉంటే, తప్పు వాడకమని వాదిస్తారు. మీరు మాన్యువల్ పారేశారు! చదవకుండా పారేయడం ఏంటండీ? ఇప్పుడు అందులో ఏముందో వాళ్లకు తెలుసు, మీకు తెలియదు. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఈ రోజే దించుకుని చదవండి.

కొన్ని సైట్లు కదిలిస్తే వాటంతట అవే వెలుగుతాయి. కావలి నుంచి నెల్లూరు దాకా బైక్ మీద బ్యాగ్‌లో యాభై కిలోమీటర్ల పైచిలుకు కుదుపులు తింటే అది దారంతా వెలుగుతూనే ఉండవచ్చు. అందుకే పరీక్ష కదలని బల్ల మీద చేయాలి. కొత్త సెల్ పెట్టి, స్విచ్ పూర్తిగా ఆపి, ఎవరూ ముట్టుకోకుండా తొమ్మిది రోజులు అలాగే ఉంచండి. పదో రోజు ఆన్ చేయండి. వెలగకపోతే అదే మీ కేసు. కుళాయి కట్టేసినా నీళ్లు కారుతుంటే తప్పు ట్యాంకుదా, కుళాయిదా? స్విచ్ ఆపి ఉండగా అయిపోతే వెలుతురు ఎక్కువ పెట్టారన్న వాదన, బైక్ కుదుపులకు వెలిగిందన్న వాదన రెండూ పోతాయి.

దీనికి అంకెల బలం కూడా ఉంది. సీఆర్2032 సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. 50,000 గంటలు రావాలంటే సైట్ సగటున లాగే కరెంటు 0.0044 మిల్లీ ఆంపియర్లు ఉండాలి. తొమ్మిది రోజులంటే 216 గంటలు. ఆ లెక్కన మీది సుమారు 1 మిల్లీ ఆంపియర్ లాగుతోంది, అంటే ప్రకటన కంటే రెండు వందల రెట్లకు పైగా. ప్రకటనలో గంటలు మధ్యస్థ వెలుతురుకు చెబుతారు, ఎండలో ఫుల్ పెడితే తగ్గుతాయి. కానీ స్విచ్ ఆపినప్పుడు ఆ సాకు ఉండదు. ఎలక్ట్రానిక్స్ చెప్పే పాలిటెక్నిక్ లెక్చరర్‌నో, లైసెన్స్ ఉన్న టెక్నీషియన్‌నో అడిగి, బ్యాటరీ చోటు దగ్గర మైక్రో ఆంపియర్ మీటర్‌ను సిరీస్‌లో పెట్టి కొలిపించి, సంతకంతో రాయించుకోండి. సైట్ బాడీని మాత్రం విప్పనివ్వద్దు.

మొదటి రోజు, పదో రోజు వీడియో తీయండి. ఆ రోజు పత్రిక, సైట్ సీరియల్ నంబరు, సెల్ పాకెట్ కనిపించాలి. పక్కన ఒక సాక్షి ఉండాలి. కమిషన్‌లో సాధారణంగా అఫిడవిట్, పత్రాల మీదే విచారణ నడుస్తుంది. అయినా వీడియో, వాట్సాప్, ఈ-మెయిళ్లకు భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రుజువులను ధ్రువీకరించే పత్రం) జతచేయండి. అది లేదని ఎదుటివాళ్లు తప్పక అభ్యంతరం చెబుతారు. చాట్ ఇప్పుడే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఫోన్ మార్చవద్దు. అయిపోయిన సెల్స్ ఇకనైనా పారేయకుండా ఒక్కొక్కటి టేపు చుట్టి తేదీ రాసి దాచండి. ఇంట్లో పసిపిల్లలుంటే తాళం వేసిన చోట పెట్టండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది.

బిల్లు బామ్మర్ది పేరు మీద ఉండడం అడ్డు కాదు. కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా వినియోగదారులేనని సెక్షన్ 2(7) చెబుతోంది. మీకోసమే కొన్నానని ఆయన చేత అఫిడవిట్ రాయించండి. మీరు కావలిలో ఉంటున్నారు కాబట్టి నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, చెన్నై వెళ్లనక్కర్లేదు. చెల్లించిన ధర రూ. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా దాఖలు చేయవచ్చు. అమ్మకందారుతో పాటు అమ్మిన ప్లాట్‌ఫామ్‌ను, దిగుమతిదారును కూడా ప్రతివాదులుగా చేర్చండి. పెట్టె పోయినా దిగుమతిదారు పేరు ఆన్‌లైన్ పేజీలో ఉండాలి. ప్రకటనలోని 50,000 గంటల మాటతో సహా ఆ పేజీని ఈ రోజే స్క్రీన్‌షాట్ తీయండి. రేపు మార్చేస్తే మీ దగ్గర ఏమీ మిగలదు.

రూ. 5 లక్షలు అడగొద్దు. రాష్ట్రస్థాయి సెలక్షన్ సంగతి ఫిర్యాదులో రాయనే వద్దు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో పీప్ సైట్ (సన్న రంధ్రంలోంచి గురి చూసేది), ఓపెన్ సైట్ (గాడిలోంచి గురి చూసేది) విభాగాలే ఉంటాయి, బ్యాటరీతో వెలిగే సైట్‌ను అనుమతించరు. అలాంటప్పుడు సైట్ ఆరిపోయి సెలక్షన్ పోయిందని రాస్తే మొదటి ప్రశ్నకే మీ ఫిర్యాదంతా అనుమానంలో పడుతుంది. క్లబ్ పోటీలో ఆరిపోయిందన్న ఒక్క వాక్యం చాలు. ధర రూ. 24,500 వాపసు, కొన్న తేదీ నుంచి వడ్డీ, కొన్న బ్యాటరీల ఖర్చు, మానసిక వేదనకు ఓ పాతిక వేలు, కేసు ఖర్చులు అడగండి. ఇవి నమ్మేలా ఉంటాయి, వచ్చే అవకాశమూ ఎక్కువ.

రేపే పరీక్ష మొదలుపెట్టి, అదే రోజు పది రోజుల గడువుతో లీగల్ నోటీసు స్పీడ్ పోస్ట్‌లో, మెయిల్‌లో పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా పదకొండో రోజు నుంచి ఫిర్యాదు సిద్ధం చేసుకుని, అక్టోబర్ 6కు ముందే దాఖలు చేయండి. విచారణకు వెళ్లేటప్పుడు సైట్ ఒక్కటే తీసుకెళ్లండి, రైఫిల్ తీసుకెళ్లకండి. ల్యాబ్ పరీక్ష కోరుతూ ఫిర్యాదుతోపాటే దరఖాస్తు పెట్టి, సైట్ అప్పగించిన రోజు సీల్ వేసినట్టు రసీదు తీసుకోండి.